షీటుకు 80, సాఫ్ట్‌వేర్‌కు సున్నా

పోయిన సంచికలో ఒక పాఠకుడు ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్‌కి క్రాక్ (డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన దొంగ కాపీ) ఎక్కడ దొరుకుతుందని అడిగితే, దొంగ సొత్తు అడ్రసు ఈ శీర్షికలో చెప్పనని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ముక్క మీదే. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది కడిగేశారు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ప్రింటర్ కాట్రిడ్జ్ గురించి అడిగిన ముగ్గురూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

మీ జవాబు చదివి నవ్వొచ్చింది సార్. గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపిన రోజుల్లో మీ పేజ్‌మేకర్‌కి బిల్లు ఉందా? నేను మీ దగ్గరే పని నేర్చుకున్నాను. అన్నీ చూశాను.
— పేరు వద్దన్న పాఠకుడు, గుడివాడ

లేదు నాయనా, బిల్లు లేదు. నా దగ్గర పని నేర్చుకున్నానంటున్నావు కాబట్టి నువ్వు అనే అంటాను.

1998లో మెట్ల కింద గదిలో రెండు సిస్టమ్‌లతో సెంటర్ పెట్టాను. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 6.5 సీడీని సికింద్రాబాద్ వెళ్లి 100 రూపాయలకి తెచ్చుకున్నాను. అదే సీడీలో ఫోటోషాప్, కోరెల్‌డ్రా, ఇంకో పాతిక సాఫ్ట్‌వేర్లు. సీరియల్ నంబరు కవర్ మీద స్కెచ్ పెన్నుతో రాసిచ్చారు. ఇది తప్పు కదా అని అప్పుడు ఎవరైనా అంటే, వాడికి కంప్యూటర్ గురించి తెలీదనుకునేవాణ్ణి.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీని మాత్రం డబ్బు పెట్టి కొన్నాను. అదేదో నిజాయితీ అనుకునేవు. దానికి లాక్ ఉండేది. సిస్టమ్ వెనక ప్రింటర్ పోర్టుకి అగ్గిపెట్టంత డబ్బా బిగిస్తే తప్ప తెలుగు అక్షరం పడేది కాదు. లాక్ ఉన్నదానికి డబ్బు కట్టాను, లేనిదానికి ఎగ్గొట్టాను. నా నీతి ఎంతంటే ఆ అగ్గిపెట్టంత.

1999 ఎన్నికల సీజన్ నీకు గుర్తుందో లేదో. కరపత్రాలు కట్టలు కట్టలుగా వస్తున్న రోజుల్లో లాక్ పోయింది. ప్యాకేజీ అమ్మినాయనకి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. ఆ రాత్రే పక్క వీధి సెంటర్ కుర్రాడు ఫ్లాపీలో ఏదో తెచ్చి ఇచ్చాడు. అది వేస్తే లాక్ అక్కర్లేకుండానే ఫాంట్లు పనిచేశాయి. ఊరికే వచ్చింది కదా అని రెండో సిస్టమ్‌లోనూ వేసేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆయనే స్కూటర్ మీద వచ్చాడు, కొత్త లాక్ తీసుకుని. బిగించడానికి వంగినప్పుడు రెండో సిస్టమ్ వెనక్కి కూడా చూశాడు. అక్కడ లాక్ లేదు. స్క్రీన్ మీద ఆయన ఫాంటుతోనే ‘మీ అమూల్యమైన ఓటు’ అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది. ఏమీ అనలేదు. లాక్ బిగించాడు, టీ తాగాడు, కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు.

ఆ ప్యాకేజీకి మళ్లీ కొత్త వెర్షన్ రాలేదు. అది నా ఒక్కడి వల్లే అని చెప్పను. ఊళ్లో నాలాంటి సెంటర్లు ఎన్ని ఉండేవో నీకూ తెలుసు. కానీ పేజ్‌మేకర్ సంగతి చూడు. 1994లో దాన్ని తయారుచేసిన ఆల్డస్ కంపెనీని, ఫోటోషాప్ అమ్మే అడోబీ కొనేసింది, 2001లో 7.0 తెచ్చింది, ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టి ఇన్‌డిజైన్ అనే తన ఇంకో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోయింది. నా 100 రూపాయల సీడీ వాళ్ల దారికి అడ్డం పడలేదు. అడ్డం పడింది స్కూటర్ మీద వచ్చినాయనకి.

2007లో వాయిదాల మీద కోరెల్‌డ్రా కొన్నాను. లాక్ బలవంతం లేకుండా కట్టిన నా మొదటి బిల్లు అదే. అంతకు ముందు తొమ్మిదేళ్ల సంపాదనలో ఎవరి వాటా ఎంత ఎగ్గొట్టానో లెక్కేయడం నాకు చేతకాదు. ఇప్పుడు నీతులు చెప్పే అర్హత ఉందా అంటావు. లేదనే అనుకో. క్రాక్ అడ్రసు మాత్రం చెప్పను.

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. షీటుకు 80 తీసుకుంటాను. పాత ఫోటోషాప్ క్రాక్ చాలాకాలంగా వాడుతున్నాను. పోయిన నెల కొత్త వెర్షన్ క్రాక్ వేస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు కట్టమని ఇంగ్లీషులో నోట్ వచ్చింది. మూడు పెళ్లిళ్ల ఫోటోలు పోయాయి. జింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్ ఫ్రీ అంటున్నారు. నా పనికి పనికొస్తుందా? ఉన్నదున్నట్టు చెప్పండి.
— ఆల్బమ్ డిజైనర్, తణుకు

ముందు పోయిన ఫోటోల సంగతి చూద్దాం తమ్ముడూ. ఇది ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్. డబ్బు కట్టొద్దు. కట్టినవాళ్లందరికీ తాళం చెవి వస్తుందన్న భరోసా లేదు. హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసెయ్యకు, ఆ డిస్క్‌ని తీసి పక్కన పెట్టు. యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, మరికొన్ని సంస్థలు కలిసి 2016లో ‘నో మోర్ రాన్సమ్’ అని ఒక సైట్ పెట్టాయి. పాడైన ఫైలు ఒకటి, ఆ డబ్బు నోటు ఒకటి అందులో ఎక్కిస్తే ఏ రకం తాళం పడిందో చెబుతుంది. దానికి చెవి ఉంటే ఊరికే ఇస్తుంది. ఈ రోజు లేకపోయినా ఏడాది తర్వాత దొరకొచ్చు, అందుకే డిస్క్ దాచమంటున్నాను.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ మూడు పెళ్లిళ్లు తీసిన కెమెరా కార్డులు ఎక్కడున్నాయో ఇప్పుడే కనుక్కో. ఫోటోగ్రాఫర్ వాటిని ఖాళీ చేసి ఉన్నా సరే, మళ్లీ షూటింగ్‌కి వాడకుండా ఆపించు. ఫోటోరెక్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. చెరిపేసిన కార్డులోంచి ఫోటోలు తోడి తీస్తుంది, వాటి మీద కొత్తవి పడనంత వరకూ. చూడ్డానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, ఏమీ బాగుండదు. నేను మాత్రం దాంతో ఒక నిశ్చితార్థం మొత్తం వెనక్కి తెచ్చాను.

ఇదెలా జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. క్రాక్ వెంట వచ్చే కాగితంలో మొదటి లైను ఎప్పుడూ ఒకటే: యాంటీవైరస్ ఆపేయండి. కుక్కని కట్టేసి తలుపు తీసిపెట్టమని దొంగే ఉత్తరం రాస్తే, మనం అలాగే చేస్తున్నాం.

ఇక జింప్. పనికొచ్చేదీ, రానిదీ రెండూ చెబుతాను.

నీ పాత ఫోటోషాప్‌లో పెళ్లికూతురి పేరు వెంకటలక్ష్మి అని యూనికోడ్‌లో (అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే అక్షర కోడ్) కొట్టి చూడు. ‘క్ష్మి’ విడిపోయి క, ష, మ ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి, పొల్లులు వేలాడతాయి. అందుకే నువ్వు ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లతో కుస్తీ పడుతుంటావు. కొత్త ఫోటోషాప్‌లోనైతే టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకుంటే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. జింప్‌లో, బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో అసలు ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు. లక్ష్మి లక్ష్మిలాగే వస్తుంది. తెలుగు రాయడంలో ఊరికే వచ్చిందే నీ దొంగ కాపీ కంటే మెరుగు. ఈ మాట మన వాళ్లకి ఎవరూ చెప్పరు.

జింప్‌లో సీఎంవైకే (ప్రెస్‌లో వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతి) లేదు కదా అని కొందరు భయపెడతారు. ఆఫ్‌సెట్ ప్రెస్‌కి వెళ్లే పనికి ఆ భయం నిజమే. నీ ఆల్బమ్ వెళ్లేది ల్యాబ్‌కి, ల్యాబ్ అడిగేది ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ రంగుల జేపెగ్. ఆ లోటు నీకు తగలదు. మీ ల్యాబ్‌ని ఒకసారి అడిగి రూఢి చేసుకో.

తగిలేవి వేరే ఉన్నాయి. నువ్వు పోగు చేసుకున్న పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) బ్యాక్‌గ్రౌండ్ల గుట్ట జింప్‌లో తెరుచుకుంటుంది గానీ, లోపల స్మార్ట్ ఆబ్జెక్టులు (తర్వాత మార్చుకునేలా దాచిన బొమ్మలు) ఉంటే అవి మామూలు బొమ్మగా చదునైపోతాయి. నువ్వు రాసుకున్న యాక్షన్లు పనిచెయ్యవు. ఎఫ్2 నొక్కితే స్కిన్ టోన్, ఎఫ్3 నొక్కితే షార్ప్, ఆ వేగమంతా పోతుంది. 12×36 షీటు 300 డీపీఐలో అంటే 10,800 అడ్డం, 3,600 నిలువు, దాదాపు 3 కోట్ల 89 లక్షల చుక్కలు. దాని మీద ఇరవై లేయర్లు పెడితే 8 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ ఏడుస్తుంది. ఫోటోషాప్‌లోనూ ఏడుస్తుందనుకో.

అందుకని మాఘమాసం ముహూర్తాల మధ్య మారకు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. జింప్ 3.0 వేసుకుని, పాత ఆల్బమ్ ఒకటి మొదటి నుంచి దాంట్లో చెయ్యి. 2025 మార్చిలో వచ్చిన ఈ వెర్షన్‌లో ఎఫెక్టులు వేసినా అసలు ఫోటో చెడకుండా వెనక్కి తీసుకునే వీలు వచ్చింది. పాత జింప్ చూసి తిట్టుకున్నవాళ్లు మళ్లీ చూడాలి. నెల తిరిగేసరికి చెయ్యి అలవాటు పడితే సరి. పడకపోతే ఫోటోషాప్ చందా కట్టు. 35 షీట్ల ఆల్బమ్‌కి నువ్వు తీసుకునేది 2,800. ఈ రోజు చందా ఎంతుందో చూసి, నెలలో ఒక ఆల్బమ్ దానికి పోయిందనుకో. కెమెరా అద్దె, డ్రోన్ అద్దె, ల్యాబ్ బిల్లు కడుతున్నావు కదా. వాటి పక్కన ఇదొక బిల్లు.

మూడు కుటుంబాలకి ఏం చెప్పావో రాయలేదు. చెప్పకపోతే ఇవాళే చెప్పు. పెళ్లికొచ్చిన చుట్టాల ఫోన్లలో ఎన్నో కొన్ని దొరుకుతాయి, ఆలస్యమైతే అవీ చెరిపేస్తారు.

అంత పెద్ద కంపెనీకి నా ఒక్కడి కాపీతో వచ్చే నష్టమేమిటండీ? బిల్ గేట్స్ పస్తులుంటాడా?
— చిల్లర వ్యాపారి, ఖమ్మం

ఉండడు. 1976 ఫిబ్రవరిలో ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు, తాము ఆల్టెయిర్ కంప్యూటర్‌కి రాసిన బేసిక్‌ని కాపీలు కొట్టుకుంటున్నారని మండిపడి బహిరంగ లేఖ రాశాడు. అప్పట్లో అది కాగితం టేపు మీద చిల్లుల రూపంలో ఉండేది, దాన్నే పంచుకునేవారు. 1998కి వచ్చేసరికి మాట ఎలా మారిందో చూడండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించనివ్వండి, అలవాటు పడిపోతారు, డబ్బు ఎలా వసూలు చెయ్యాలో తర్వాత చూసుకుంటాం అన్న అర్థం వచ్చేలా చెప్పాడు.

నాకు ఈ రెండో మాటే అసలు జవాబులా కనిపిస్తుంది. మీ కాపీ వల్ల ఆయనకి నష్టం లేదు, లాభమే. ఊరంతా ఒకే సాఫ్ట్‌వేర్‌కి అలవాటు పడ్డాక ఆఫీసులు, బడులు, బ్యాంకులు దాన్నే కొంటాయి. నష్టపోయేది ఎవరంటే, అదే పని తక్కువ డబ్బుకి చేసిపెడదామనుకున్న మన ఊరి కుర్రాడు. పెద్ద కంపెనీ సరుకు క్రాక్‌లో సున్నాకి వస్తుంటే, వాడి 500 రూపాయల సరుకు ఎవరు కొంటారు? ఊరికే ఇస్తామన్న జింప్, లిబ్రెఆఫీస్ (ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసే సాఫ్ట్‌వేర్) లాంటివి కూడా అందుకే మన దగ్గర ఎక్కవు. ఊరికే ఇచ్చేదానికీ ఊరికే దొంగిలించేదానికీ మన జేబులో తేడా తెలియదు.

పన్నెత్తి ఒక్క మాట కూడా అనని వాడి సొమ్మే మనం ఎక్కువ తింటాం. మీది కిరాణా కాబట్టి మీకు తెలుసు. అరువు ఎగ్గొట్టేది పెద్ద షోరూమ్‌కి కాదు, మీకే.

చేత్తో అక్షరాలు రాసి ఫాంట్‌గా మార్చి అమ్ముతున్నాను. ధర 300. నా ఫాంట్ ‘500 తెలుగు ఫాంట్లు’ అనే కట్టలో వాట్సాప్‌లో తిరుగుతోంది. మా ఊరి ఫ్లెక్సీ షాపులోనే నా అక్షరాలతో పుట్టినరోజు బ్యానర్ చూశాను. ఏం చెయ్యమంటారు?
— అక్షర చిత్రకారుడు, శ్రీకాకుళం

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఊరుకుండిపోయానండి. పైన గుడివాడ పాఠకుడికి రాసిన జవాబులోని స్కూటర్ మనిషి ఇప్పుడు మీ రూపంలో ఉత్తరం రాసినట్టుంది.

తెలుగు ఫాంట్ చెయ్యడమంటే ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంగ్లీషుకి పెద్ద బడి, చిన్న బడి, అంకెలు రాస్తే అయిపోతుంది. మనకి గుణింతాలున్నాయి, ప్రతి హల్లుకీ ఒత్తుంది, ‘క్ర’లో ఒత్తు ఎక్కడ కూర్చోవాలి, ‘స్త్రీ’లో రెండు ఒత్తులు ఒకదాన్నొకటి తొక్కకుండా ఎలా సర్దాలి అన్నవి ఒక్కొక్కటీ చేత్తో చూసుకోవాలి. వందల బొమ్మలు, వాటి మధ్య సూత్రాలు. నెలల పని. దానికి 300 అడిగారు.

ఆ ఫ్లెక్సీ షాపాయన మిషన్‌కి లక్షలు పోశాడు. ఇంకుకి, వినైల్ రోల్‌కి నెల తిరక్కుండా డబ్బు కడతాడు. మీ 300 మాత్రం ఆయన ఖర్చుల పుస్తకంలో లేదు, ఎందుకంటే మీకు లాక్ లేదు. నా పాత రోగమే. వెళ్లి పోట్లాడమని చెప్పను. బిల్లు పుస్తకం పట్టుకుని వెళ్లండి. ఇది నా ఫాంట్ అండి, మీ బ్యానర్ బాగుంది, బిల్లు రాసిమ్మంటారా అనండి. మొహం మీద అడిగితే ఇచ్చేవాళ్లు మీరనుకున్నంత తక్కువేమీ కాదు. నన్ను ఆ రోజు ఆయన అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి.

మీరు ఫాంట్లని ఉచితంగా వదలాలా అని రెండో కాగితంలో అడిగారు. అది మీ ఇష్టం, ఎవరూ బలవంతపెట్టకూడదు. ఉచితంగా ఇచ్చిన పెద్దలు మనకున్నారు. యూనికోడ్ కొత్తల్లో తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు ఊరికే ఇవ్వబట్టే ఎంతోమంది కంప్యూటర్లో మొదటిసారి తెలుగు చూశారు. సిలికానాంధ్ర తెచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి, మల్లన్న వంటివి ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటితో బ్యానర్ వేసుకోవచ్చు, పుస్తకం అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఒట్టి ఫాంట్‌ని విడిగా అమ్మడానికి మాత్రం లేదు. అంటే ఆ ఫ్లెక్సీ షాపాయనకి పైసా ఖర్చు లేకుండా సక్రమంగా వాడుకోడానికి డజనుకు పైగా తెలుగు ఫాంట్లున్నాయి. అయినా మీదే ఎత్తుకుపోయాడంటే మీ చెయ్యి బాగుందన్నమాట. ఈ పొగడ్త అన్నం పెట్టదని నాకూ తెలుసు.

ఈ శీర్షిక చదివే ఫ్లెక్సీ, డీటీపీ వాళ్లకి నాదొక్కటే మనవి. మీ సిస్టమ్‌లో ఫాంట్ల ఫోల్డర్ తెరిచి చూడండి. తెలుగువాడి పేరున్న ఫాంట్ ఏదైనా కనిపిస్తే, అది అమ్మకానిదో కాదో కనుక్కోండి. అడోబీ సంగతి ఆ తర్వాత.

ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తాను. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లే మైక్రోసాఫ్ట్ ఆఫీసు వేసిచ్చారు. ఇప్పుడు లైసెన్సు లేదని ఎర్ర పట్టీ వస్తోంది. లిబ్రెఆఫీస్ వేస్తే పాత ప్రశ్నపత్రాలన్నీ చెదిరిపోతున్నాయి. విండోస్ 10 కూడా పాతబడిందంటున్నారు.
— ఉపాధ్యాయిని, సిద్దిపేట

చెదరడానికి సగం కారణం లిబ్రెఆఫీస్ కాదు టీచరమ్మా, ఫాంట్లు. వర్డ్‌లో మీరు కాలిబ్రి, కాంబ్రియా వాడి ఉంటారు, అవి దాంతోపాటు వచ్చినవి. అవి లేని చోట వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటే లైన్లు జారిపోతాయి. కార్లిటో, కాలాడియా అని రెండు ఉచిత ఫాంట్లున్నాయి. సరిగ్గా కాలిబ్రి, కాంబ్రియాల కొలతలతోనే చేశారు. అవి ఉంటే లైను ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. పట్టికల్లో కాస్త సర్దుబాటు తప్పదు.

తెలుగు ప్రశ్నపత్రాలు పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే అది వేరే తలనొప్పి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో అవి ఇంగ్లీషు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి, వర్డ్‌లోనైనా అంతే. ఇకనుంచి యూనికోడ్‌లో కొట్టండి, ఈ గొడవ ఇక్కడితో ఆగుతుంది.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కి సరిపోకపోతే, విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ మింట్ వేయించండి. ముందు పెన్ డ్రైవ్ నుంచి నడిపి, మీ ప్రింటర్ పలుకుతుందో లేదో చూసుకున్నాకే డిస్క్‌లో వేయండి. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు కాబట్టి ఇదేదో సాహసం అనుకోకండి. షాపువాళ్లని మాత్రం బిల్లులో ఆఫీసు పేరు రాశారా అని అడగండి. రాసి ఉంటే డబ్బు వెనక్కి అడిగే హక్కు మీది.

డిప్లొమా సివిల్ చదువుతున్నాను. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ వాడితే పోలీసులు పట్టుకుంటారా?
— విద్యార్థి, వరంగల్

నీకు క్రాక్ ఎందుకు బాబూ? విద్యార్థులకి దాని కంపెనీ ఆటోడెస్క్ ఊరికే ఇస్తుంది. కాలేజీ గుర్తింపు చూపిస్తే ఏడాది పాటు, చదువు ఉన్నంతకాలం పొడిగించుకోవచ్చు. ఆ లైసెన్సుతో మేస్త్రీకి ప్లాన్ గీసిచ్చి డబ్బు తీసుకోకూడదు, అంతే. బయటి పనికి ఊరికే దొరికే లిబ్రెక్యాడ్, ఫ్రీక్యాడ్ చూడు. ఫ్రీక్యాడ్ 2002లో మొదలై 2024 నవంబరులో గానీ 1.0 అనిపించుకోలేదు. పుట్టిన ఇరవై రెండేళ్లకి నామకరణం.

చట్టం సంగతి అడిగావు కాబట్టి చెబుతాను. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కాదని తేలితే, కోర్టు కారణాలు రాసి జైలు తప్పించి, 50 వేల లోపు జరిమానాతో వదిలెయ్యొచ్చు. చట్టం కూడా నీకూ తణుకు డిజైనర్‌కీ మధ్య తేడా చూస్తోంది. నీ హాస్టల్ గదికి పోలీసులొస్తారా అంటే, నా అనుభవంలో ఎక్కడా చూడలేదు. అందుకని వాడుకోమని దీని అర్థం కాదు.

ఫైళ్లని కుదించి కట్టకట్టే విన్‌రార్ 40 రోజులు దాటినా పనిచేస్తూనే ఉంది. ఇది దొంగతనమా?
— కాకినాడ

దాని షరతు ప్రకారం 40 రోజుల తర్వాత కొనాలి. కొనకపోతే అడుగుతూనే ఉంటుంది, తలుపు మాత్రం వెయ్యదు. మొహమాటం ఉన్న సాఫ్ట్‌వేర్. ఇబ్బందిగా ఉంటే 7-జిప్ వేసుకోండి, ఆఫీసులో వాడినా ఊరికే.

ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఏం తిని బతుకుతారు? మనం చందా ఇవ్వాలా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, డాలస్‌లో కొడుకు దగ్గర

కొందరు కంపెనీల్లో జీతానికి ఇదే పని చేస్తారు. కొందరు రాత్రుళ్లు చేస్తారు. బ్యాంకు మనిషి కదా, మీకో సంగతి చెబుతాను. ఇంటర్నెట్‌లో బ్యాంకు లావాదేవీలకి తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. లోకంలోని సైట్లలో పెద్ద వంతు దాని మీదే నడుస్తోంది. అప్పటికి దానికి వస్తున్న విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు జేబులో చెయ్యి పెట్టాయి.

ఇంకో పక్క త్రీడీ బొమ్మలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉంది. 2002లో దాన్ని రాసిన కంపెనీ మూతపడితే, లక్ష యూరోలు ఇస్తే అందరికీ విడుదల చేస్తామన్నారు. జనం ఏడు వారాల్లో పోగు చేశారు. 2025లో యానిమేషన్ ఆస్కార్ గెలిచిన లాట్వియా సినిమా ఆ బ్లెండర్‌తోనే తయారైంది.

ఇవ్వగలిగితే ఇవ్వండి. డాలరే ఇవ్వాలని లేదు. ఇంగ్లీషులో వాళ్లకి ‘ఫ్రీ’ ఒక్కటే మాట, ఊరికే అనీ, స్వతంత్రం అనీ రెండు అర్థాలకీ అదే. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ పని చేస్తున్న సంస్థ పేరే స్వేచ్ఛ. లిబ్రెఆఫీస్ మెనూల తెలుగు మాటల్లో ఇలాంటి ఔత్సాహికులు రాసినవీ ఉన్నాయి. తీరికుంటే మీరూ ఓ నలభై మాటలు రాయండి. బ్యాంకు తెలుగు మీకు వచ్చినట్టు కుర్రాళ్లకి రాదు.

నేనూ కొన్ని రాశాను. ఒక మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఎవరో నాకంటే మంచిది పెట్టారు. నావి నాలుగైదు మిగిలాయి. మెనూలో అవి కనిపించినప్పుడల్లా మా ఆవిడని పిలిచి చూపిస్తుంటాను. ఆవిడ సిస్టమ్‌లో మాత్రం మెనూలు ఇంగ్లీషులోనే ఉంటాయి.